జేగురయ్య చెలమ

మోదుగుల గుట్ట కింద ఒక చిన్న అడవి ఉంది. పులులూ సింహాలూ తిరిగే పెద్ద అడవి కాదది. నగరం పెరుగుతూ పెరుగుతూ వచ్చి, ఒక పొడవాటి గోడ కట్టుకుని, అక్కడ ఆగిపోయింది. గోడకి అవతల కాలనీలు, బస్సులు, మేడల మీద ఆరేసిన రంగురంగుల చీరలు. ఇవతల బలుసు పొదలు, తుమ్మచెట్లు, ఎండ ముదిరే వేళకి ఒళ్ళంతా ఎర్రగా పూసే మోదుగులు. వాటి నడుమ నుంచి వెండి గొలుసులా ఒక వాగు.

ఆ అడవిలో కుందేళ్ళు, ఉడుతలు, ముంగిసలు, కొండముచ్చులు, అడవి పందులు, గోరువంకలు ఉండేవి. చుట్టుపక్కల పొలాలన్నీ ప్లాట్లయిపోయాక అక్కడి జీవాలు కూడా పిల్లల్ని వెంటేసుకుని ఇక్కడికే వచ్చేశాయి. అడవి ఇరుకైంది. నువ్వు నా పొదలో దూరావంటే, నువ్వు నా కొమ్మ మీద కూర్చున్నావని రోజూ తగవులే. అందుకని అందరూ కూర్చుని, అడవిని మూడు వాడలు చేసుకున్నారు. గుట్ట వాడ, పొదల వాడ, వాగు వాడ. ఒక్కో వాడకి ఒక్కో పెద్ద.

పెద్దని ఎన్నుకోవడానికి ఒక పద్ధతి ఉంది. తొలకరి పడ్డ మర్నాడు, పోటీలో ఎందరుంటే అన్ని ఎండు సొరకాయ బుర్రలు వరసగా పెడతారు. ప్రతి ప్రాణీ ఒక చింతగింజ తెచ్చి, తనకి నచ్చినవారి బుర్రలో వేస్తుంది. తాబేలు తాత వాటిని లెక్కపెడతాడు. ఆయన లెక్క పూర్తయ్యేసరికి సాయంత్రమవుతుంది. అయినా ఎవరూ తొందరపెట్టరు.

వాగు వాడకి పెద్ద జెముడుకాకి జేగురయ్య.

జేగురయ్య చూడ్డానికి బాగుంటాడు. నల్లని ఒళ్ళు, జేగురు రంగు రెక్కలు, పొడవాటి తోక. ఆ రోజుల్లో అతని కళ్ళు కూడా నల్లగానే ఉండేవి. పోయిన ఏడాది అతనొక్కడే పోటీకి నిలబడ్డాడు. ఎదురు ఎవరూ లేరు కాబట్టి గింజలన్నీ అతని బుర్రలోనే పడ్డాయి. "చూశారా, వాడంతా నన్నే కోరుకుంది!" అని అతను ఆ రాత్రంతా మురిసిపోయాడు.

కానీ ఆ మురిపెం ఎన్నాళ్ళో నిలవలేదు.

రోజూ పొద్దున్నే జేగురయ్య ఒక మోడు మీద కూర్చుని వాడ సభ పెట్టేవాడు. పక్కన తొండ అవునయ్య ఉండేవాడు. జేగురయ్య ఏమన్నా అవునయ్య తల పైకీ కిందకీ ఊపుతాడు. ఏమీ అనకపోయినా ఊపుతాడు.

"ఇవాళ ఎవరైనా ఫిర్యాదుతో వస్తారంటావా?"

అవునయ్య తల ఊపాడు.

ఎవరూ రాలేదు. ఎండ మోడు మీదకి ఎక్కింది. అంతలో కుందేలు లచ్చి పరుగెత్తుకుంటూ ఆ దారినే పోయింది.

"లచ్చమ్మా! ఎక్కడికమ్మా ఆ పరుగు?"

"సూదమ్మ పిన్ని దగ్గరికన్నా. మా చిన్నోడి కాల్లో పల్లేరుకాయ దిగింది."

"నేనుండగా సూదమ్మ ఎందుకు? నేను కదా వాడపెద్దని?"

లచ్చి మొహమాటంగా చెవులు వంచింది. "మీరు పెద్దవాళ్ళు కదన్నా. ఇలాంటి చిల్లర పనులు మీకెందుకులెండి," అని తుర్రుమంది.

పల్లేరుకాయ లచ్చి కొడుకు కాల్లో దిగిందో లేదో గానీ, జేగురయ్య గుండెలో మాత్రం దిగింది.

సూదమ్మ ఒక ముళ్ళపంది. వయసు మళ్ళింది. చూపు ఆనదు, దొరికిన ప్రతిదాన్నీ పంటితో కొరికి చూసి పోల్చుకుంటుంది, నడక తిన్నగా ఉండదు. పోటీకి నిలబడలేదు, నిలబడాలని ఎవరితోనూ అనలేదు. కానీ పొద్దున లేస్తే అందరి నోటా ఆమె పేరే. ఉడుతకి గూడు జారిపోతే సూదమ్మ. ముంగిస, ముంగిస పెళ్ళాం పోట్లాడుకుంటే సూదమ్మ. ఇక ఎండాకాలం వచ్చిందంటే చెప్పనే అక్కర్లేదు.

ఎందుకంటే ఎండాకాలం వాగు ఎండిపోతుంది. పైన ఇసుక మిలమిలా మెరుస్తుంది కానీ నీటి చుక్క ఉండదు. నీళ్ళు ఇసుక అడుగున ఎక్కడో దాక్కుంటాయి. సూదమ్మ వాగులోకి దిగి, ముక్కు నేలకి ఆనించి వాసన పట్టి, "ఇదిగో, ఇక్కడుంది తల్లి," అని చెలమ తవ్వుతుంది. లోతుగా తవ్విన గుంటలోకి నాలుగు వైపుల నుంచీ నీళ్ళు చెమ్మలా మొదలై, చుక్కలై, నెమ్మదిగా ఊరుతాయి. అద్దంలాంటి నీళ్ళు. మల్లెపూవంత చల్లన.

చెలమ దగ్గర కూడా ఒక పద్ధతి ఉంది. ముందు పసికూనలు తాగాలి. తర్వాత ముసలివాళ్ళు, తర్వాత మిగతావాళ్ళు. చెలమ తవ్వినవారు అందరికంటే ఆఖర్న తాగాలి. సూదమ్మ వంతు వచ్చేసరికి నీళ్ళు అడుగంటి ఉండేవి. మళ్ళీ ఊరేదాకా గట్టున కూర్చుని, వచ్చేపోయేవాళ్ళతో కబుర్లు చెబుతూ ఉండేది. అందుకే వాడ కబుర్లన్నీ ఆమెకి తెలుసు. అందుకే వాడ కష్టాలన్నీ ఆమె దగ్గరికే పోయేవి.

ఇదంతా ఒక ఎత్తు. గోరువంక పసిడి పాట ఒక ఎత్తు.

పసిడి రోజూ పొద్దున్నే చెలమ పక్కనున్న మోదుగ కొమ్మ మీద వాలి పాడేది. ఎర్రటి పూల మధ్య ఆమె పసుపుపచ్చ ముక్కు చిన్న దీపంలా ఉండేది. ఆ గొంతు వింటే చెట్లు కూడా ఆకులు కదపడం మానేసేవి. జేగురయ్య అయితే ఊపిరి తీయడమే మర్చిపోయేవాడు. ఆమె తన పేరు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి పాటలో పలికితే చాలు, తన తోకలో ఈకలన్నీ ఊడిపోయినా ఫర్వాలేదనుకునేవాడు. దూరంగా తుమ్మకొమ్మ మీద కూర్చుని చెవులు రిక్కించేవాడు.

పసిడి పాడేది:

"చుక్కచుక్క కూడింది చల్లని చెలమ
సూదమ్మ తవ్వింది తియ్యని చెలమ!"

రోజూ అదే పాట. రోజూ అదే పేరు. జేగురయ్య కూర్చున్న తుమ్మకొమ్మని ముక్కుతో టకటకా పొడిచేవాడు.

"ఏముంది ఆవిడ దగ్గర?" అన్నాడొకనాడు అవునయ్యతో. "ఒక అందమా, ఒక చందమా? ఒళ్ళంతా ముళ్ళు. ఇసుకలో గుంట తీయడం కూడా ఒక గొప్పేనా? నేను తలుచుకుంటే అంతకు పదింతల చెలమ తవ్విస్తాను."

అవునయ్య తల ఊపాడు.

జేగురయ్యకి ఒక అలవాటుంది. సాయంత్రాలు గోడ మీద కూర్చుని కాలనీ వైపు చూస్తూ ఉంటాడు. ఆ సాయంత్రం అక్కడ ఒక పార్కు ప్రారంభోత్సవం జరుగుతోంది. రంగుల జెండాలు కట్టారు. మైకులో పాటలు పెట్టారు. తెల్లబట్టల మనిషి ఒకాయన కారు దిగి, రిబ్బను కత్తిరించాడు. గోడకి బిగించిన నల్లరాయి మీద తెర తీశాడు. దాని మీద బంగారు అక్షరాలతో ఆయన పేరు. అందరూ చప్పట్లు కొట్టారు. ఒకరి తర్వాత ఒకరు ఎగబడి ఆయనకి శాలువాలు కప్పారు. మొక్కలకి గోతులు తీసిన ఆవిడ మాత్రం చేతులకి మట్టితోనే దూరంగా ఒక మూల నిలబడి చూస్తోంది. ఆమెని ఎవరూ పిలవలేదు.

జేగురయ్య కళ్ళు మిలమిలలాడాయి. "ఇన్నాళ్ళూ నాకు తెలియలేదు. పేరు ఇలా వస్తుందన్నమాట!" అనుకున్నాడు.

మర్నాడే వాడంతా చాటింపు వేయించాడు. "వాగులో కొత్త చెలమ రాబోతోంది! పేరు జేగురయ్య చెలమ. ఇంతకుముందు ఏ అడవిలోనూ ఎవరూ చూసి ఉండరు!"

అడవి పందులు వచ్చి పెద్ద గొయ్యి తవ్వాయి. కానీ అంచుల్లో ఇసుక జారుతోంది, గొయ్యి వంకరటింకరగా ఉంది. జేగురయ్యకి అది నచ్చలేదు. కుమ్మరి పురుగుల్ని పిలిపించాడు. తడి మట్టితో కుండల్లాంటి బుల్లి గూళ్ళు కట్టుకునే పురుగులవి. "పుట్టమన్ను తెచ్చి అడుగూ గోడలూ మొత్తం నున్నగా మెత్తండి. నా మొహం అందులో కనపడాలి," అన్నాడు.

వందల కుమ్మరి పురుగులు మూడు రోజులు పనిచేశాయి. గొయ్యి ఒక పెద్ద కుండలా తయారైంది. తడి మట్టి మీద జేగురయ్య చుట్టూ నడిచి తన కాలి గుర్తులు వేశాడు. ముందువైపు, అందరికీ కనపడే చోట, ఒక రెక్క చాచి గట్టిగా అద్దాడు. ఈక ఈకా అచ్చు పడింది. అది చూసి అతనికే కళ్ళు చెమర్చాయి. పసిడి రేపు ఆ రెక్క గుర్తు మీద కాలు మోపి నీళ్ళు తాగుతుంది. అలా తాగి, తలెత్తి పాడుతుంది. ఆ తలపుకే జేగురయ్యకి ఒళ్ళు తేలిపోయింది.

సూదమ్మ మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. ఆనని కళ్ళు చికిలించి గొయ్యిలోకి చూసింది. గోడని ముక్కుతో తడిమింది.

"పని బాగుంది నాయనా. నున్నగా ఉంది. కానీ ఈ మన్ను ఎందుకు మెత్తించావు?"

"ఎందుకేమిటి? అందం! పైగా ఇందులో నీళ్ళు పోస్తే ఒక్క చుక్క బయటికి పోదు."

"బయటికి పోనిది లోపలికి ఎలా వస్తుంది నాయనా?" అంది సూదమ్మ. "చెలమకి గోడలుండకూడదు. ఇసుక నోరు తెరుచుకుని ఉండాలి. ఆ నోట్లోంచే కదా నీళ్ళు ఊరేది. నా మాట విని మన్ను గీకించేయి. మెత్తగా ఉంది కాబట్టి ఇప్పుడైతే తేలిక. రెండు ఎండలు తగిలాయంటే రాయి అయిపోతుంది."

జేగురయ్య ఆమె వంక ఎగాదిగా చూశాడు. అతని పెదవి మీద చిన్న నవ్వు మొలిచింది. 'ఓహో, ఇదా సంగతి! నా చెలమని చూసి ముసలమ్మకి అసూయ పుట్టింది' అనుకున్నాడు. ఆ తలపు అతనికి ఎంత తియ్యగా ఉందంటే, ఆమె చెప్పిన మాటలో మిగతాదేదీ చెవికెక్కలేదు.

"పిన్నీ, నీ కాలం చెలమలు వేరు. ఇది కొత్త పద్ధతి. నీకు తెలియదులే," అన్నాడు.

అవునయ్య తల ఊపాడు.

"పోనీ నా పాత గుంటనైనా అలా ఉండనీయి నాయనా. ఎందుకైనా మంచిది."

"ఒక వాగులో రెండు చెలమలుంటే అడవి నవ్వదూ? పూడ్చేస్తున్నాం."

ఆ మాటకి గట్టున నిలబడ్డ లచ్చి ఒక అడుగు ముందుకేసింది. "అన్నా, వానలకింకా ఇరవై రోజులుంది..." అని గొణిగింది. కానీ పైకి గట్టిగా అనలేకపోయింది. ఎవరూ అనలేకపోయారు. ఎంతైనా అతను వాడపెద్ద.

ప్రారంభోత్సవం నాటికి కొత్త గొయ్యి ఇంకా ఎండి ఉంది. "కొత్తది కదా, బిడియపడుతోంది," అన్నాడు జేగురయ్య. కొండముచ్చుల్ని పిలిచి, సూదమ్మ చెలమలోంచి సొరకాయ బుర్రలతో నీళ్ళు తోడించి, తన గొయ్యి నింపించాడు. పాత చెలమ అడుగు కనపడేదాకా తోడించాడు. ఆపైన పందుల చేత దాన్ని ఇసుకతో పూడ్పించి, కొత్త గొయ్యిలోంచి తీసిన మట్టంతా దాని మీదే గుట్టగా పోయించాడు.

సూదమ్మ ఒంటి మీద ఒకే ఒకసారి ముళ్ళన్నీ గలగలమన్నాయి. అంతే.

పండగ మాత్రం బ్రహ్మాండంగా జరిగింది. చెలమ చుట్టూ పూలతీగ కట్టారు. జేగురయ్య దాన్ని ముక్కుతో తెంపాడు. ఎప్పుడో ఒక పాము విడిచిపోయిన కుబుసాన్ని అవునయ్య తెచ్చి, శాలువాలా అతని భుజాల మీద కప్పాడు. అది ఎండలో జరీలా మెరిసింది. ఒక ఉడుత పిల్ల మాత్రం "అమ్మా, పాము!" అని కెవ్వుమంది. వాళ్ళమ్మ దాని నోరు మూసింది.

"ముందు పసికూనలు," అంది లచ్చి అలవాటుగా.

"ఆగు ఆగు! ముందు వాడపెద్ద," అన్నాడు జేగురయ్య. తొలి గుక్క తనే తాగాడు.

పసిడి వచ్చింది. రెక్క గుర్తు మీదే వాలింది. వంగి నాలుగు గుక్కలు తాగి, తలెత్తి చుట్టూ చూసింది. తాగిన నీళ్ళకి పాట పాడడం ఆమె అలవాటు. పాడింది.

"నిండుకుండ లాంటిది నున్నని చెలమ
జేగురయ్య కట్టాడు వన్నెల చెలమ!"

జేగురయ్య కళ్ళు మూసుకున్నాడు. ఆ పేరు ఆ గొంతులోంచి రావడం! మోదుగ పూలన్నీ ఒక్కసారి తన మీద రాలినట్టనిపించింది. కళ్ళు తెరిచాక మాత్రం అతను ముందుగా చూసింది పసిడిని కాదు. గట్టు మీద ఓ మూల కూర్చున్న సూదమ్మని. ఆమె మొహం వాడిపోయిందేమోనని చూశాడు. సూదమ్మ ఒక కుందేలు కూన నీళ్ళలోకి జారిపోకుండా వీపు అడ్డం పెట్టి, పాటకి తల ఆడిస్తోంది. దాంతో అతని సంబరం సగం చచ్చిపోయింది.

మూడు రోజులు పసిడి అతని పేరే పాడింది.

మొదటి రోజు నీళ్ళు నిండుగా ఉన్నాయి. రెండో రోజు సగమయ్యాయి. మూడో రోజు పొద్దుటికి అడుగున అరచేతంత మడుగు. నాలుగో రోజు అది కూడా లేదు. నున్నటి మట్టి కుండ ఖాళీగా ఆకాశం వైపు చూస్తోంది. దాని నిండా జేగురయ్య కాలి గుర్తులే.

"ఏవన్నా, నీళ్ళు ఊరలేదేం?" అని అడిగింది ముంగిస.

"పని జరుగుతోంది," అన్నాడు జేగురయ్య. "రెండు రోజులు ఓపిక పట్టండి."

"పని అంటే ఏం పనన్నా? ఎవరూ ఏమీ చేయడం లేదుగా?"

"అదంతా లోపల జరుగుతుంది. మీకు కనపడదు."

అవునయ్య తల ఊపాడు. కానీ అతని నాలుక పిడచకట్టుకుపోయి, ఊపు నీరసంగా ఉంది.

అయిదో రోజు ఎండ నిప్పులు చెరిగింది. పుట్టమన్ను పెళుసెక్కి ఇటుకలా గట్టిపడింది. పాత చెలమ మీది మట్టిగుట్ట కూడా గడ్డ కట్టింది. గుట్ట వాడకి పోయి నీళ్ళడిగితే, వాళ్ళకే చాలడం లేదన్నారు. గోడ దాటి కాలనీ వైపు వెళ్ళిన కొండముచ్చుని కుక్కలు తరిమాయి.

జేగురయ్య చెలమ అంచున తన రెక్క గుర్తు పక్కనే కూర్చుని ఉన్నాడు. అతనికీ దాహమే. సూదమ్మ మాట అతనికి గుర్తుకి రాలేదా అంటే వచ్చింది. నిన్ననే వచ్చింది. మొన్న కూడా వచ్చింది. వెళ్ళి 'పిన్నీ, నువ్వు చెప్పిందే నిజం' అనేస్తే సరిపోయేది. కానీ ఆ నాలుగు మాటలు గొంతుదాకా వచ్చి, ముల్లులా అడ్డం తిరిగేవి. 'అంటే మళ్ళీ అందరూ ఆవిడనే పొగుడుతారు. మళ్ళీ ఆవిడ పేరే పాట అవుతుంది' అనుకునేవాడు. ఆ తలపు కంటే దాహమే నయమనిపించేది.

సాయంత్రానికి వాడంతా చెలమ చుట్టూ చేరింది. ముందు సూదమ్మ. ఆమె పక్కన లచ్చి. లచ్చి నోట కరుచుకుని ఉన్న చిన్నోడు, పల్లేరుకాయ గుచ్చుకున్న ఆ కూనే, కళ్ళు తేలేశాడు.

"దిగు నాయనా," అంది సూదమ్మ. "మన్ను పగలగొట్టాలి."

"ఎక్కడ?"

"నువ్వు కూర్చున్న చోటే. వాగంతా వెతికి వచ్చాను, జల వాసన అటువైపు నుంచే వస్తోంది. నీ రెక్క గుర్తు ఉంది చూడు, దాని వెనకే."

జేగురయ్య రెక్కలు రెండూ చాచి అచ్చుకి అడ్డం నిలబడ్డాడు. "ఇది తప్ప ఇంకెక్కడైనా పగలగొట్టు. ఇది నా... ఇది వాడ గౌరవం!"

"గౌరవం తాగుతామా అన్నా?" అంది లచ్చి. కొడుకుని కింద పెట్టి, మొదటిసారి గొంతెత్తి అంది. "ఇన్నాళ్ళూ పెద్దవాడివని నోరు మూసుకున్నాను. చూడు నా బిడ్డని!"

"ఇదంతా సూదమ్మ ఎక్కించిందే! నా చెలమంటే ఆవిడకి కుళ్ళు!" అని అరిచాడు జేగురయ్య. "మొదటి నుంచీ కుళ్ళే! అడగండి పసిడిని! నా చెలమ గురించి పసిడి ఎలా పాడిందో మీరంతా విన్నారు కదా? పసిడీ! నువ్వే పాడమ్మా. ఒక్కసారి పాడు!"

అందరూ మోదుగ కొమ్మ వైపు చూశారు.

పసిడి అక్కడే ఉంది. పాడడానికే కాబోలు, మెడ చాచింది. పసుపుపచ్చ ముక్కు తెరిచింది. గొంతు కదిలింది. ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచింది. ఎండుటాకు నేల మీద ఈడ్చినట్టు చిన్న గరగర వచ్చి ఆగిపోయింది. ఆమె సిగ్గుపడి, తల రెక్కలో దాచుకుంది.



ఏ గొంతులో తన పేరు వినాలని జేగురయ్య ఇదంతా చేశాడో, ఆ గొంతు ఎండిపోయింది. ఎండబెట్టింది తనే. ఇప్పుడు అందులో తన పేరూ లేదు, సూదమ్మ పేరూ లేదు. పాటే లేదు.

అతని రెక్కలు నెమ్మదిగా ముడుచుకున్నాయి. భుజాల మీద ఇంకా వేలాడుతున్న కుబుసం గాలికి జారి వాగులోకి ఎగిరిపోయింది. అతను ఒక అడుగు పక్కకి వేశాడు.

"పిన్నీ," అన్నాడు. "నువ్వు చెప్పిందే నిజం."

సూదమ్మ దెప్పలేదు. "ఇప్పుడు మాటలొద్దులే నాయనా, పొద్దు పోతోంది," అని తన పళ్ళు మట్టికి ఆనించింది. కానీ ఆమెకి చూపు ఆనదు. ఎక్కడ పగులుందో కనపడడం లేదు.

"ఇక్కడ," అన్నాడు జేగురయ్య. తన రెక్క అచ్చు మధ్యలో ముక్కుతో గట్టిగా పొడిచాడు. ముక్కు చివర విరిగింది. మళ్ళీ పొడిచాడు. చిన్న బీట పడింది. ఎండిన మట్టి పొడి లేచి కళ్ళలో పడింది. కళ్ళు భగ్గున మండాయి. అయినా ఆపలేదు. ఆ బీటలో సూదమ్మ పళ్ళు పెట్టి గీరింది. పందులు మూతులు పెట్టి కుమ్మాయి. ఈకల అచ్చంతా పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది.

వెనకాల తడి ఇసుక కనపడింది.

ముందు చెమ్మ. తర్వాత ఒక చుక్క. ఆ చుక్క పక్కన ఇంకో చుక్క. అందరూ మెడలు చాచి చూస్తున్నారు. మట్టి కుండ అడుగున వేలెడు నీళ్ళు చేరాయి, సన్నగా వణుకుతూ.

"ముందు పసికూనలు," అన్నాడు జేగురయ్య. అందరికంటే ముందు అతనే అన్నాడు.

లచ్చి కొడుకు మూతి నీళ్ళలో పెట్టారు. కాసేపటికి వాడి చెవి ఒకటి లేచింది. తర్వాత రెండోది. లచ్చి అక్కడే కూలబడి ఏడ్చింది.

ఒకరి తర్వాత ఒకరు తాగారు. తవ్వినవారు ఆఖర్న తాగాలి కదా. సూదమ్మ తాగాక, అందరికంటే చివర జేగురయ్య వంగాడు. తేరిన నీళ్ళలో అతనికి తన మొహం కనపడింది. కళ్ళు రెండూ నిప్పు కణికల్లా ఎర్రగా ఉన్నాయి. మట్టి పడినందుకని అందరూ అనుకున్నారు. కానీ అవి అంతకు చాలా రోజుల ముందు నుంచే మండుతున్నాయని అతనికి తెలుసు.

పైన కొమ్మ మీద పసిడి గొంతు సవరించుకుంది. మెల్లగా పాడింది.

"చుక్కచుక్క కూడింది చల్లని చెలమ
సూదమ్మ తెరిచింది తియ్యని చెలమ!"

జేగురయ్య విన్నాడు. మనసు చివుక్కుమనలేదంటే అబద్ధం. కానీ పాట ఆగిపోకూడదనే అనుకున్నాడు.

రెండు వారాలకి తొలకరి పడింది. మర్నాడు వాగు గట్టున రెండు సొరకాయ బుర్రలు పెట్టారు. ఒకటి జేగురయ్యది. ఇంకోటి సూదమ్మది. ఆమె వద్దు వద్దంటున్నా లచ్చి, ముంగిసలు కలిసి పెట్టారు. తాబేలు తాత పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి లెక్క తేల్చాడు.

"సూదమ్మ బుర్రలో మూడువందల పన్నెండు. జేగురయ్య బుర్రలో ఒకటి."

అందరూ అవునయ్య వైపు చూసి నవ్వారు. అవునయ్య పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తల అడ్డంగా ఊపాడు. "నేను కాదు!"

జేగురయ్య కూడా కాదు. అతను తన గింజని సూదమ్మ బుర్రలోనే వేశాడు. మరి ఎవరిదా అని ఆ ఒక్క గింజనీ ముక్కుతో తీసి చూశాడు. దాని అంచు చుట్టూ పంటి గాట్లున్నాయి. దొరికిన ప్రతిదాన్నీ కాస్త కొరికి చూడనిదే పక్కన పెట్టలేని ప్రాణి ఆ వాడలో ఒక్కటే ఉంది.

మూడువందల పన్నెండు గింజలు అటు పడ్డప్పుడు అతనికి సిగ్గేసింది. ఈ ఒక్క గింజ ఇటు పడ్డందుకు ఏడుపొచ్చింది. దాన్ని ముక్కున కరుచుకుని, గట్టు దిగి, ఎవరి కంటా పడకుండా బలుసు పొదల్లోకి వెళ్ళిపోయాడు.

ఆనాటి నుంచి జెముడుకాకి కళ్ళు ఎర్రగానే ఉండిపోయాయి. అది కొమ్మ చివర ఎక్కి కూర్చుని గొప్పలు పోదు. పొదల అడుగున తలవంచుకుని నడుస్తుంది. ఎండాకాలం మాత్రం, పాడే పక్షులన్నీ దాహానికి మూగబోయిన వేళ, ఆ పొదల్లోంచి 'గుబుక్... గుబుక్... గుబుక్...' అని ఒక గొంతు వినిపిస్తుంది. ఎవరో చెలమలో నీళ్ళు తాగుతున్నట్టే ఉంటుంది. ఆ పిలుపు వింటే వాగు వాడ పసికూనలు పొదల్లోంచి లేచి అటే పరుగెడతాయి. ఎప్పుడు వెళ్ళినా, అక్కడి వాగు ఇసుకలో గోడలు లేని ఒక చిన్న చెలమ తవ్వి ఉంటుంది.

నీతి: పక్కవారి మంచిపేరు చూసి ఓర్వలేక వారి చెలమ పూడ్చినవాడు, తనకి ఇష్టమైనవారి గొంతు కూడా ఎండబెట్టుకుంటాడు. అద్దుకున్న గుర్తు పెచ్చులై రాలిపోతుంది. తీర్చిన దాహమే పేరై మిగులుతుంది.